రీమ్స్ నుంచి బ్రైజాఖ్ దాకా: ఫ్రాన్స్, జర్మనీల సరిహద్దు వెంట

గురువారం, రీమ్స్

రీమ్స్ రైల్వేస్టేషన్‌కి దగ్గర్లోనే ఒక పాత స్కూలు బిల్డింగు ఉంది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అమెరికన్ జనరల్ ఐసెన్‌హోవర్ తన హెడ్‌క్వార్టర్స్ అందులో పెట్టుకున్నాడు. 1945 మే 7 తెల్లవారుజామున 2 గంటల 41 నిమిషాలకు జర్మన్ జనరల్ ఆల్ఫ్రెడ్ యోడ్ల్ అక్కడే లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టాడు. ఆ గదిని అలాగే ఉంచారు. పొడవాటి బల్ల, దాని చుట్టూ మామూలు కుర్చీలు, గోడల నిండా యుద్ధ పటాలు. అద్దం ఇవతల నిలబడి చూడాలి. బిల్డింగులో మిగతా భాగంలో ఇప్పటికీ పిల్లలు చదువుకుంటున్నారు.

ఫ్రాన్స్, జర్మనీలు ఎలా కలిశాయో కాకినాడలో డిగ్రీ పిల్లలకి ఏళ్ళ తరబడి పాఠం చెప్పాను. పుస్తకంలో అది పేజీన్నర. "షూమన్ ప్రణాళిక, 1950" అని బోర్డు మీద రాసి, నాలుగు పాయింట్లు చెప్పి ముందుకెళ్ళిపోయేదాన్ని. రిటైరయ్యాక మా మేనల్లుడు "అత్తా, రా, పారిస్ చూపిస్తా" అన్నాడు. వాడు జర్మనీ సరిహద్దు ఊరు సార్‌బ్రూకెన్‌లో ఎమ్మెస్ చదివి అక్కడే ఉద్యోగంలో చేరాడు. "పారిస్ వద్దురా, సరిహద్దు చూపించు" అన్నాను. ప్లాను నాది, కారు వాడిది.

స్కూలు నుంచి కెథడ్రల్‌కి నడుచుకుంటూ వెళ్ళిపోవచ్చు. ఫ్రాన్స్ రాజులకి పట్టాభిషేకాలు జరిగిన చోటు ఇది. 1914 సెప్టెంబరులో జర్మన్ ఫిరంగుల దెబ్బకి తగలబడింది. ఫ్రెంచివాళ్ళ మనసులో అంత లోతుగా దిగిన గాయం ఇంకోటి తక్కువ. అందుకే 1962 జులై 8న అధ్యక్షుడు డీగాల్ జర్మన్ ఛాన్సలర్ అడెనావర్‌ని సరిగ్గా ఇక్కడికే తీసుకొచ్చి ప్రార్థనలో పక్కన నిలబెట్టుకున్నాడు. అడెనావర్‌కి అప్పటికి 86 ఏళ్ళు. డీగాల్ అయితే మొదటి యుద్ధంలో జర్మన్లకి యుద్ధఖైదీగా చిక్కినవాడు. ఆ రోజు గుర్తుగా గుడి ముందు నేల మీద ఒక పలక పరిచారు. ఛాన్సలరూ తానూ రెండు దేశాల రాజీకి ముద్ర వేయడానికి ఈ గుడికి వస్తున్నామని డీగాల్ ఆర్చిబిషప్‌కి చెప్పిన మాట దాని మీద ఉంది. జనం చూసుకోకుండా దాని మీద నుంచే నడిచి పోతున్నారు.

లోపల గర్భగుడి వైపు వెళ్తే చిత్రకారుడు షగాల్ చేసిన నీలి రంగు గాజు కిటికీలకి అటూ ఇటూ ఎరుపు, పసుపు, నీలం ముక్కలు పదునుగా విరగ్గొట్టి అతికినట్టున్న కిటికీలు కనిపిస్తాయి. వాటిని 2011లో ఇమీ క్నోబెల్ అనే జర్మన్ చిత్రకారుడు చేశాడు. జర్మన్ ఫిరంగి గుళ్ళు పడి కాలిన గుడికి జర్మన్ చేతితో కిటికీలు. మధ్యాహ్నం ఎండ పడి ఆ రంగులు నేల మీదికి పాకుతుంటే చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాం.

ఈ ప్రార్థన జరిగిన ఆరు నెలలకి, 1963 జనవరి 22న, పారిస్‌లో ఎలిజే ఒప్పందం మీద సంతకాలయ్యాయి. దేశాధినేతలు ఏడాదికి కనీసం రెండుసార్లు కలవాలి, విదేశాంగ, రక్షణ మంత్రులు మూడు నెలలకోసారి కలవాలి. చదివితే ఆఫీసు సర్క్యులర్ లాగే ఉంటుంది, కానీ దాని బలం అక్కడే ఉంది. ఇష్టమున్నా లేకపోయినా, ఎన్నికల్లో ఎవరు నెగ్గినా, తారీఖు రాగానే కూర్చుని మాట్లాడుకోవాల్సిందే. డీగాల్ అనుకున్నదంతా ఆయనకి దక్కలేదు కూడా. జర్మన్ పార్లమెంటు ఆమోదించేటప్పుడు అమెరికాతో, నాటోతో తమ బంధం చెక్కుచెదరదని ముందుమాట ఒకటి చేర్చింది. ఆయనకి ఒళ్ళు మండింది. అయినా ఒప్పందం నిలబడింది. 2025 మేలో ఛాన్సలర్ అయిన మర్నాడే ఫ్రీడ్రిష్ మెర్ట్స్ విమానం ఎక్కి పారిస్ వచ్చాడు. అక్కడ అది ఆనవాయితీ అయిపోయింది.

శుక్రవారం, వెర్డన్

వెర్డన్ ఊరు దాటి అడవిలోకి మలుపు తిరగగానే నేల తీరు మారిపోయింది. చెట్ల కింద ఎక్కడ చూసినా గుంటలు, దిబ్బలు. గడ్డి మొలిచి పచ్చగా ఉన్నా, ఆ ఎగుడుదిగుళ్ళు ఫిరంగి గుళ్ళు తవ్వినవేనని తెలుస్తూనే ఉంటుంది. 1916 ఫిబ్రవరి 21 నుంచి డిసెంబరు దాకా ఇక్కడ యుద్ధం నడిచింది. రెండు వైపులా కలిపి సుమారు 3 లక్షల మంది చచ్చిపోయారు. యుద్ధరేఖ మాత్రం పెద్దగా కదల్లేదు.

ఫ్లూరీ అనే ఊరు ఉన్న చోట ఇప్పుడు ఇళ్ళు లేవు. కాలిబాట పక్కన చిన్న చిన్న రాళ్ళ మీద ఇది బేకరీ, ఇది స్కూలు, ఇది రైతు ఇల్లు అని రాసి పెట్టారు. ఈ చుట్టుపక్కల ఇలాంటివి తొమ్మిది ఊళ్ళు.

దువోమోన్ అస్థికల మందిరం వెనకవైపు గోడకి నేలకి దగ్గరగా చిన్న చిన్న కిటికీలు ఉంటాయి. వంగి చూడాలి. అద్దం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని వెలుతురు ఆపితే లోపల ఎముకలు కనిపిస్తాయి. ఒక కిటికీలో తొడ ఎముకలు పొడుగ్గా పేర్చి ఉన్నాయి, ఇంకోదాంట్లో పుర్రెలు. పేరు తెలియని 1,30,000 మంది ఎముకలవి. ఏది ఫ్రెంచి, ఏది జర్మన్ అని విడదీయడం కుదరక అన్నీ కలిపే పెట్టారు. మా వాడు ఒక కిటికీ చూసి లేచి, మిగతావి చూడనన్నాడు. నేను అన్నీ చూశాను. పాఠం చెప్పినదాన్ని, చూడకుండా రాకూడదనిపించింది.

ఆ మందిరం గోడల మీద చెక్కిన పేర్లు చాలాకాలం ఫ్రెంచివాళ్ళవే. మొదటి జర్మన్ సైనికుడి పేరు చెక్కింది 2014లో. యుద్ధం మొదలైన వందేళ్ళకి.

1984 సెప్టెంబరు 22న ఇక్కడే ఫ్రెంచి అధ్యక్షుడు మిట్టరాండ్, జర్మన్ ఛాన్సలర్ హెల్ముట్ కోల్ చేతులు పట్టుకుని నిలబడ్డారు. ఆ ఫొటో చూడని రాజనీతిశాస్త్రం విద్యార్థి ఉండడు. కోల్ తండ్రి మొదటి యుద్ధంలో వెర్డన్ దగ్గర పోరాడినవాడు. మిట్టరాండ్ 1940లో ఈ ప్రాంతంలోనే గాయపడి జర్మన్లకి చిక్కాడు. వాళ్ళు నిలబడిన చోట చిన్న పలక ఉంది.

ఫొటో గొప్పదే. కానీ దానికి రెండు నెలల ముందు, జులై 13న, ఇదే ఇద్దరి ప్రభుత్వాలు సార్‌బ్రూకెన్‌లో ఒక కాగితం మీద సంతకం చేశాయి. రెండు దేశాల మధ్య సరిహద్దు తనిఖీలు మెల్లగా ఎత్తేద్దామని ఒప్పుకున్నాయి. ఆ ఏడాది మొదట్లో, కస్టమ్స్ దగ్గర గంటలు, రోజులు ఆగిపోయి విసిగిన లారీ డ్రైవర్లు రోడ్లు దిగ్బంధించారు. ప్రభుత్వాలు దిగిరాక తప్పలేదు. ఆ చేతుల కలయిక వెనక లారీవాళ్ళ కోపం కూడా ఉందని నా క్లాసులో ఒక్కసారైనా చెప్పి ఉంటే బాగుండేది.

శనివారం, మెట్స్

ఫ్రాన్స్‌లో రైళ్ళు ఎడమ పట్టా మీద నడుస్తాయి. మెట్స్ వచ్చేసరికి కుడి పట్టా మీదికి మారిపోతాయి. 1871లో జర్మన్ రాజ్యం ప్రష్యా ఫ్రాన్స్ మీద గెలిచి, సరిహద్దు ప్రాంతాలైన అల్సేస్‌నీ, లొరేన్‌లో ఈ భాగాన్నీ జర్మనీలో కలిపేసుకుంది. ఇక్కడి రైలు మార్గాల్ని జర్మన్ పద్ధతిలో నడిపింది. 1918లో నేల తిరిగి ఫ్రాన్స్‌కి వచ్చింది, రైళ్ళు మాత్రం ఇప్పటికీ కుడివైపే. పాత సరిహద్దు దగ్గర ఒక పట్టా ఇంకోదాని మీదుగా దాటేలా వంతెనలు కట్టుకున్నారు. మెట్స్ స్టేషను కూడా జర్మన్ చక్రవర్తి కైజర్ కాలంలో, 1908లో కట్టింది. బరువైన రాతి కట్టడం, చూడ్డానికి కోటలా ఉంటుంది. అవసరమైతే సైన్యాన్ని గబగబా దించడానికి వీలుగా కట్టారు.

మధ్యాహ్నం ఊరి బయట మొజెల్ నది పక్కన గుట్ట మీదున్న సీ-షాజెల్ వెళ్ళాం. రాబర్ట్ షూమన్ బతికిన ఊరు. పుట్టింది లక్సెంబర్గ్‌లో, 1886లో. తండ్రిది లొరేన్ కాబట్టి పుట్టుకతో జర్మన్ పౌరుడు. చదివింది బాన్, మ్యూనిక్, బెర్లిన్, స్ట్రాస్‌బర్గ్‌లలో. మెట్స్‌లో లాయరుగా ప్రాక్టీసు పెట్టాడు. 1918 తర్వాత ఫ్రెంచి పౌరుడై పార్లమెంటుకి వెళ్ళాడు. 1940లో నాజీలు అరెస్టు చేస్తే తర్వాత తప్పించుకున్నాడు. యుద్ధం అయ్యాక ఫ్రాన్స్ ప్రధాని, ఆ తర్వాత విదేశాంగ మంత్రి. ఈ బతుకు తెలియకుండా షూమన్ ప్రణాళిక చదివితే అదేదో పారిస్ ఆఫీసుల్లో పుట్టిన ఆలోచన అనిపిస్తుంది. ముసాయిదా రాసింది ఫ్రెంచి ప్రభుత్వ ప్రణాళికా అధికారి జాన్ మొనే బృందమే, నిజమే. దాన్ని భుజాన వేసుకోవడానికి మాత్రం రెండు వైపులా బతికిన మనిషే కావాల్సి వచ్చింది.

సంగతి సూటిగా చెప్పాలంటే ఇది. ఉక్కు చెయ్యాలంటే ఇనప ఖనిజం కావాలి, బొగ్గు కావాలి. ఖనిజం లొరేన్‌లో, మంచి కోకింగ్ బొగ్గు జర్మనీలోని రూర్‌లో. ఉక్కు ఉన్నవాడి దగ్గర ఫిరంగి ఉంటుంది. 1871లో జర్మనీ లొరేన్ లాక్కుంది. నష్టపరిహారం కట్టలేదని 1923లో ఫ్రాన్స్ సైన్యంతో వెళ్ళి రూర్‌లో కూర్చుంది. రెండూ ఇంకో యుద్ధానికే దారితీశాయి. 1950 మే 9న షూమన్ చెప్పింది ఒకటే: రెండు దేశాల బొగ్గు, ఉక్కు ఉత్పత్తి మొత్తాన్నీ ఇద్దరికీ పైనుండే ఒక ఉమ్మడి అధికార సంస్థ చేతిలో పెడదాం, మిగతా దేశాలూ రావచ్చు. అడెనావర్ అదే రోజు పొద్దున ఒప్పుకున్నాడు. ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ కలిశాయి. 1951 ఏప్రిల్ 18న పారిస్ ఒప్పందం, 1952లో అమలు. ఒకరికి తెలియకుండా ఇంకొకరు ఆయుధాలు పోగేసుకోవడం కుదరదిక. ఈనాటి యూరోపియన్ యూనియన్‌కి మూలం అదే.

షూమన్ సమాధి ఆ ఊళ్ళో చిన్న కోట లాంటి పాత చర్చిలో ఉంది. 1963లో, ఎలిజే ఒప్పందం జరిగిన ఏడాదే పోయాడు.

ఇక్కడ నన్ను ఆపేసిన సంగతి ఇంకోటుంది. లొరేన్‌లో ఆఖరి ఇనప గని 1997లో మూతపడింది. ఫ్రాన్స్‌లో ఆఖరి బొగ్గు గని కూడా ఈ ప్రాంతంలోదే, 2004లో మూసేశారు. సరిహద్దు అవతల జర్మనీలోని సార్ ప్రాంతంలో బొగ్గు తవ్వకం 2012లో ఆగింది. బొగ్గు, ఉక్కు ఒప్పందం గడువు 2002లోనే ముగిసింది. ఇద్దర్నీ కట్టేసిన తాడు అలా పోయింది. మరి ఇప్పుడు ఏది పట్టి ఉంచుతోంది? మిగతా ప్రయాణమంతా ఈ ప్రశ్నతోనే చూశాను.

ఆదివారం, సార్

పొద్దున్నే షెంగెన్ మీదుగా వెళ్ళాం. లక్సెంబర్గ్‌లో మొజెల్ ఒడ్డున ద్రాక్షతోటల మధ్య ఉన్న చిన్న ఊరు. వంతెన దాటితే జర్మనీ, ఒడ్డు వెంట కాస్త ముందుకెళ్తే ఫ్రాన్స్. 1985 జూన్ 14న నది మీద ఒక పడవలో అయిదు దేశాలు సంతకం పెట్టాయి. వెర్డన్ దగ్గర చెప్పిన సార్‌బ్రూకెన్ కాగితమే పెద్దదై, సరిహద్దు తనిఖీలు ఎత్తేసే షెంగెన్ ఒప్పందం అయింది. నా పాస్‌పోర్టులో జర్మనీ కాన్సులేటు అంటించిన వీసా మీద ఈ ఊరి పేరుంది. దాంతోనే పొద్దున ఫ్రాన్స్‌లో కాఫీ తాగి, లక్సెంబర్గ్‌లో నది చూసి, మధ్యాహ్నానికి మా వాడి ఇంట్లో పప్పన్నం తిన్నాను.

సార్ కథ తెలిసినవాళ్ళు తక్కువ. బొగ్గున్న నేల కావడంతో రెండు యుద్ధాల తర్వాతా ఫ్రాన్స్ దీని మీద కన్నేసింది. 1947 నుంచి ఇది ఫ్రాన్స్ అదుపులో ఉన్న వేరే రాజ్యం లాంటిది. చెలామణిలో ఫ్రాంకు. 1952 ఒలింపిక్స్‌కి విడిగా జట్టు. 1954 ఫుట్‌బాల్ ప్రపంచకప్ క్వాలిఫయింగ్‌లో పశ్చిమ జర్మనీ మీదే ఆడింది. దీన్ని యూరప్ గొడుగు కింద ప్రత్యేక ప్రాంతంగా ఉంచుదామని డీల్ కుదిరింది. అడెనావర్ కూడా సరేనన్నాడు. 1955 అక్టోబరు 23న జనాన్ని అడిగితే 67.7 శాతం మంది వద్దన్నారు. ఫ్రాన్స్ ఆ తీర్పుని ఒప్పుకుంది. 1957 జనవరి 1న సార్ జర్మనీలో కలిసింది. 1959లో మార్కు వచ్చింది.

ఇందులో నేను తలవంచేది ఫ్రాన్స్ ఒప్పుకున్న తీరుకి. పదేళ్ళ క్రితం గెలిచిన దేశం, బొగ్గున్న నేలని, ఓట్లు లెక్కపెట్టి వదిలేసింది. ఉత్తినే కాదు. 1956 అక్టోబరు 27న లక్సెంబర్గ్‌లో జరిగిన ఒప్పందాల్లో ప్రతిగా చాలా తీసుకుంది. లొరేన్ ఉక్కుకి దారి కోసం మొజెల్ నదిని పెద్ద పడవలు తిరిగేలా మార్చడానికి జర్మనీ ఒప్పుకుంది. సార్‌లోని వార్న్ట్ ప్రాంతంలో కొన్నాళ్ళు బొగ్గు తవ్వుకునే హక్కు ఇచ్చింది. ఇచ్చిపుచ్చుకోవడం అంటే ఇది.

సాయంత్రం ఫోల్క్‌లింగెన్ ఉక్కు కర్మాగారం చూశాం. 1986లో ఆగిపోయింది, 1994లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. తుప్పు పట్టిన గొట్టాల మధ్య ఇనప మెట్లెక్కి కొలుముల పైదాకా వెళ్ళొచ్చు. నాజీ కాలంలో వేలమందిని, వాళ్ళలో ఫ్రెంచివాళ్ళనీ, బలవంతంగా తెచ్చి ఇక్కడ పనిచేయించారు. వాళ్ళ కోసం ఫ్రెంచి కళాకారుడు క్రిస్టియన్ బొల్తాన్‌స్కీ 2018లో లోపల ఒక జ్ఞాపకస్థలం చేశాడు. రీమ్స్‌లో జర్మన్ చేసిన కిటికీలు, ఇక్కడ ఫ్రెంచి మనిషి చేసిన ఈ చోటు. ఒకదాని తర్వాత ఒకటి చూడడం మంచిదైంది.

రాత్రి భోజనాల దగ్గర మా వాడు కోవిడ్ నాటి సంగతులు చెప్పాడు. 2020 మార్చిలో జర్మనీ సరిహద్దు మూసేసింది. చిన్న దారులకి అడ్డుకట్టలు పెట్టారు. ఫ్రాన్స్ నుంచి పనికొచ్చేవాళ్ళని కొందరు తిట్టారు, గుడ్లు విసిరారు. ఇక్కడివాడే అయిన అప్పటి విదేశాంగ మంత్రి హైకో మాస్ దాన్ని బాహాటంగా ఖండించాడు. అదే నెలలో సార్ ఆస్పత్రులు ఫ్రాన్స్ నుంచి ఊపిరాడని రోగుల్ని తీసుకొచ్చి ఐసీయూల్లో పెట్టుకున్నాయి. సరిహద్దు పల్లెలో ఒకాయన మూసిన గేటు ఇవతల నుంచి గాలం కర్ర చాపి, అవతలి ఫ్రెంచి బేకరీ నుంచి బగెట్ రొట్టె తెచ్చుకున్నాడని పేపర్లలో వచ్చింది. "మా ఆఫీసులో సగం మంది ఫోర్‌బాఖ్ నుంచే వస్తారత్తా. సరిహద్దు మూస్తే మాకు పనే ఆగిపోతుంది" అన్నాడు వాడు. ఫోర్‌బాఖ్ ఫ్రాన్స్‌లోది. సార్‌బ్రూకెన్ నుంచి ఇంకో ఫ్రెంచి ఊరు సార్గమీన్‌కి 1997 నుంచి ట్రామే వెళ్తోంది. 2043 నాటికి సార్‌లో అందరికీ ఫ్రెంచి కూడా రావాలని ఇక్కడి ప్రభుత్వం 2014లో లక్ష్యం పెట్టుకుంది.

మెట్స్‌లో వేసుకున్న ప్రశ్నకి ఒక జవాబు కూడా వాడే ఇచ్చాడు. ఇక్కడికి దగ్గర్లో ఓబర్‌గైల్‌బాఖ్ దగ్గర గ్యాస్ పైపులైను సరిహద్దు దాటుతుంది. రష్యా గ్యాస్ జర్మనీ మీదుగా ఫ్రాన్స్‌కి వెళ్ళడానికి వేసింది. 2022లో రష్యా గ్యాస్ ఆగేసరికి దాన్ని తిరగేయాల్సొచ్చింది. చిక్కెక్కడంటే, లీకైతే తెలియడానికి గ్యాస్‌కి కలిపే వాసన మందుని ఫ్రాన్స్ పెద్ద పైపుల్లోనే కలిపేస్తుంది, జర్మనీ ఇళ్ళకి వెళ్ళే దగ్గర కలుపుతుంది. వాసన గ్యాస్ జర్మనీ పెద్ద పైపుల్లోకి వెళ్ళకూడదు. దాన్ని సర్దుకుని, అక్టోబరు 13న ఫ్రాన్స్ నుంచి జర్మనీకి గ్యాస్ వదిలారు. ఆ ఏడాదే ఫ్రాన్స్ అణు రియాక్టర్లు చాలా రిపేర్లలో ఉంటే, జర్మనీ కరెంటు పంపింది. అణుశక్తి విషయంలో ఈ రెండు దేశాలకి అస్సలు పడదు. జర్మనీ తన ఆఖరి మూడు రియాక్టర్లు 2023 ఏప్రిల్ 15న ఆపేసింది, ఫ్రాన్స్ కొత్తవి కడతానంటోంది. పడకపోయినా చలికాలం గట్టెక్కించుకున్నారు.

సోమవారం, స్ట్రాస్‌బర్గ్

రిపబ్లిక్ చౌకులో యుద్ధ స్మారకం ముందు కాసేపు నిలబడండి, ఈ ఊరికొస్తే. తల్లి విగ్రహం. ఇద్దరు కొడుకులు చచ్చిపోతూ ఆమె మీదికి ఒరిగి ఉన్నారు. ఇద్దరి ఒంటి మీదా యూనిఫాం లేదు, బట్టలే లేవు. ఒకడు ఫ్రాన్స్ తరఫున, ఒకడు జర్మనీ తరఫున పోరాడినవాళ్ళు. చివరి ఘడియలో చేతులు కలుపుకున్నారు. కింద "మా మృతులకు" అని మాత్రమే రాశారు. మిగతా ఫ్రాన్స్‌లో ప్రతి ఊళ్ళోనూ కనిపించే "దేశం కోసం" అనే మాట ఇక్కడ లేదు. ఏ దేశం కోసమని రాస్తారు? 1936లో పెట్టిన విగ్రహం ఇది. తర్వాత నాలుగేళ్ళకే నాజీలు వచ్చారు. అల్సేస్, మొజెల్ ప్రాంతాల నుంచి 1,30,000 మంది కుర్రాళ్ళని బలవంతంగా జర్మన్ సైన్యంలోకి తోలారు. చాలామంది తిరిగి రాలేదు.

1870 నుంచి 1945 మధ్య ఈ ఊరు నాలుగుసార్లు దేశం మారింది. ఇక్కడి బామ్మలు ఇల్లు కదలకుండానే అన్నిసార్లు పౌరసత్వం మార్చుకున్నారు. ఆ గుర్తులు చట్టాల్లో ఉండిపోయాయి. బిస్మార్క్ కాలం నాటి ఆరోగ్య బీమా పద్ధతి ఇక్కడ ఇంకా నడుస్తోంది. గుడ్ ఫ్రైడే, డిసెంబరు 26 సెలవులు. మిగతా ఫ్రాన్స్‌కి ఆ రెండూ లేవు. పారిస్ వీటిని తీసేయాలంటే ఇక్కడివాళ్ళు ఒప్పుకోరు.

యూరోపియన్ పార్లమెంటు బిల్డింగు బయటి నుంచి చూశాం. దానికంటే నాకు ఆర్తే టీవీ ఆఫీసు చూడాలనిపించింది. 1990 అక్టోబరులో ఒప్పందం, 1992 మేలో ప్రసారాలు. ఒకే కార్యక్రమం రెండు భాషల్లో రెండు దేశాల ఇళ్ళలోకీ వెళ్తుంది. ఇలాంటివే 1963లో పెట్టిన ఫ్రెంచి–జర్మన్ యువజన కార్యాలయం, 2006లో మొదలైన ఉమ్మడి చరిత్ర పాఠ్యపుస్తకం. యువజన కార్యాలయం ద్వారా 90 లక్షలకు పైగా పిల్లలు అవతలి దేశంలో కొన్నాళ్ళు గడిపారు. చరిత్ర పుస్తకం ఇద్దరూ కలిసి రాసుకోవడం ఎంత కష్టమో, పాఠాలు చెప్పినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

మంగళవారం, కేల్

స్ట్రాస్‌బర్గ్‌లో డి ట్రామ్ ఎక్కితే రైన్ నది దాటి జర్మనీలోని కేల్ ఊరి మధ్యకి తీసుకెళ్తుంది. 2017 ఏప్రిల్ నుంచి నడుస్తోంది. ట్రామ్‌లో స్కూలు పిల్లలు, సంచులతో ఆడవాళ్ళు, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని పనిచేస్తున్న ఒకబ్బాయి. నది మధ్యలో ఎవరూ తలెత్తలేదు, నేను తప్ప. కేల్ చేరగానే ఇద్దరు పోలీసులు ఎక్కి కొందరి కాగితాలు అడిగారు. నా పాస్‌పోర్టు చూసి థాంక్స్ చెప్పి దిగిపోయారు. అక్రమ వలసల పేరుతో జర్మనీ 2024 సెప్టెంబరు నుంచి అన్ని భూసరిహద్దుల్లోనూ తనిఖీలు పెట్టింది. ఫ్రాన్స్ అయితే 2015 పారిస్ దాడుల నాటి నుంచి పొడిగించుకుంటూ వస్తోంది. తాత్కాలికమని ఇద్దరూ అంటారు. నాకిది నచ్చలేదు. ఇంత కష్టపడి ఎత్తేసినదాన్ని అలవాటుగా తిరిగి తెచ్చుకోకూడదు. పక్కనే కూర్చున్న స్ట్రాస్‌బర్గ్ ఆవిడ మాత్రం "రోజూ చెయ్యరులెండి" అని సర్దిచెప్పింది.

కేల్‌లో ఎక్కడ చూసినా సిగరెట్ల షాపులే. ఫ్రాన్స్‌లో పన్ను ఎక్కువ, అందుకే ట్రామ్ దిగి ఇక్కడ కొనుక్కుని మళ్ళీ ట్రామ్ ఎక్కుతారు. సబ్బులు, పౌడర్లు, పసిపిల్లల డైపర్లు కూడా. జర్మన్లు చీజ్, వైను, చేపల కోసం అటు వెళ్తారు. మా కాకినాడవాళ్ళు మందు కోసం, పెట్రోలు కోసం యానాం వెళ్ళొచ్చినట్టే. యానాం కూడా 1954 దాకా ఫ్రాన్స్‌దే. సరిహద్దు మీద బతికే మనుషులకి ధర తేడా ముందు కనిపిస్తుంది, జెండా తర్వాత.

ఈ ఊరి చరిత్ర మాత్రం అంత తేలిక కాదు. 1944 నవంబరులో జనాన్ని ఖాళీ చేయించారు. యుద్ధం అయ్యాక ఫ్రాన్స్ దీన్ని పట్టుకుంది, స్ట్రాస్‌బర్గ్‌వాళ్ళు వచ్చి ఈ ఇళ్ళలో ఉన్నారు. అసలు ఊరివాళ్ళు వీధి తర్వాత వీధిగా తిరిగి రావడం పూర్తయ్యేసరికి 1953 వచ్చింది. సరిగ్గా అదే కాలంలో షూమన్, అడెనావర్ బొగ్గు గురించి మాట్లాడుకుంటున్నారు. ఇల్లు పోగొట్టుకున్న కేల్ మనిషికి ఆ మాటలు ఎలా వినిపించి ఉంటాయో!

నది మీద నడిచేవాళ్ళ కోసం 2004లో కట్టిన వంతెన మీదుగా తిరిగొచ్చాం. అటువైపు ఒడ్డున రెండు దేశాల పిల్లలకీ కలిపి నడిపే క్రెష్ ఒకటుంది. గేటు దగ్గర తాతయ్య ఒకాయన మనవరాలికి బూట్లు తొడుగుతూ జర్మన్‌లో మాట్లాడుతున్నాడు. ఆ పిల్ల ఫ్రెంచిలో జవాబిస్తోంది. ఇద్దరికీ అది వింతగా లేదు.

బుధవారం, బ్రైజాఖ్

రైన్ వెంట దక్షిణంగా వస్తే, కొండ మీద చర్చితో బ్రైజాఖ్. యుద్ధంలో ఊరు చాలా భాగం నేలమట్టమైంది. ఆ శిథిలాల్లోంచే 1950 జులై 9న ఇక్కడి జనం ఓటేసి, 95.6 శాతం మంది ఐక్య యూరప్ కావాలన్నారు. షూమన్ ప్రకటన వచ్చి అప్పటికి రెండు నెలలే.

ఇక్కడ తగవు నీళ్ళ గురించి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి వర్సాయ్ ఒప్పందం రైన్ నీళ్ళు మళ్ళించే హక్కు ఫ్రాన్స్ ఒక్కదానికే ఇచ్చింది. ఫ్రాన్స్ తన వైపు పెద్ద కాలవ తవ్వి కరెంటు తీయడం మొదలుపెట్టింది. పాత నదిలో నీరు తగ్గి, జర్మనీ ఒడ్డున భూగర్భ జలాలు పడిపోయి, పొలాలు ఎండాయి. కాలవని స్ట్రాస్‌బర్గ్ దాకా తీసుకెళ్ళాలన్నది ప్లాను. 1956లో సార్ ఒప్పందంతో పాటే దాన్ని బ్రైజాఖ్ దగ్గర ఆపించారు. ఆ తర్వాత దిగువన కట్టిన గాంబ్‌స్‌హైమ్, ఇఫెజ్‌హైమ్ జల విద్యుత్ కేంద్రాలు ఒకటి ఫ్రాన్స్‌లో, ఒకటి జర్మనీలో ఉన్నాయి. కరెంటు ఇద్దరికీ చెరిసగం.

జనం కూడా ప్రభుత్వాల కోసం ఆగలేదు. 1974లో ఫ్రాన్స్ వైపు మార్కోల్స్‌హైమ్‌లో సీసం ఫ్యాక్టరీ వస్తుందంటే రెండు ఒడ్డుల రైతులూ ద్రాక్షతోటలవాళ్ళూ కలిసి ఆ స్థలంలో గుడారాలు వేసి, దాన్ని ఆపించారు. 1975లో అదే మనుషులు జర్మనీ వైపు వీల్‌లో అణు విద్యుత్ కేంద్రాన్ని అడ్డుకున్నారు. అదీ రాలేదు. తండ్రులు తుపాకులతో ఎదురుపడిన ఒడ్డుల మీద కొడుకులు ఒకే గుడారంలో పడుకున్నారు. ఏ ఒప్పందమూ చెప్పి చేయించింది కాదది.

ఇంత జరిగినా ఇక్కడ ఒక పని మిగిలిపోయింది. ఫ్రైబుర్గ్ నుంచి బ్రైజాఖ్ మీదుగా ఫ్రాన్స్‌లోని కోల్మార్‌కి పూర్వం రైలుండేది. 1945లో రైన్ వంతెన పేలిపోయాక మళ్ళీ వేయలేదు. ఇప్పుడు ఫ్రైబుర్గ్ నుంచి వచ్చిన రైలు బ్రైజాఖ్‌లో ఆగిపోతుంది. అవతలికి వెళ్ళాలంటే బస్సు. బస్టాపులో కాలేజీ అమ్మాయిని అడిగితే, ఫ్రైబుర్గ్‌లో చదువుతున్నాననీ, ఇల్లు కోల్మార్‌లోననీ, బస్సు తప్పితే ఆ పూట పోయినట్టేననీ చెప్పింది. 2019 జనవరి 22న అప్పటి జర్మన్ ఛాన్సలర్ మెర్కెల్, ఫ్రెంచి అధ్యక్షుడు మక్రాన్ సంతకం చేసిన ఆఖెన్ ఒప్పందంతో పాటు ఇచ్చిన ముఖ్యమైన పనుల జాబితాలో ఈ రైలు మార్గం ఉంది. అధ్యయనాలు జరుగుతున్నాయి. 1956లో సార్, మొజెల్, రైన్ మూడు తగవుల్నీ ఒకే రోజు సంతకాలతో తేల్చినవాళ్ళు, నది మీద ఒక్క రైలు వంతెనకి ఇన్నేళ్ళు తీసుకోకూడదు. ఆ అమ్మాయి చదువు పూర్తయ్యేలోగా రాదు. వాళ్ళ చెల్లెలికైనా రావాలి.